కాలువ ఎవరి తరఫు సాక్షి?

పాత నెల్లూరు జిల్లా తీరంలో కావలి నుంచి తడ దాకా ఏ ఊళ్లో నలుగురు కూర్చున్నా ఎప్పుడో ఒకప్పుడు తేలే వాదన ఇది: పెద్దల కాలం బాగుందా, మన కాలం బాగుందా? ముసలివాళ్లు పాతకాలాన్ని మెచ్చుకుంటారనీ, కుర్రవాళ్లు కొత్తదాన్ని వెనకేసుకొస్తారనీ అనుకుంటాం. ఇప్పుడది తిరగబడింది. చదువుకున్న కుర్రవాళ్లలోనే చాలామందికి ఇవాళ్టి బతుకు మీద నమ్మకం సడలింది. అందుకే ఈ సంవాదంలో నమ్మకం వైపు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన ఒక పెద్దమ్మను నిలబెట్టాను. అనుమానం వైపు ఆమె చెల్లెలి కొడుకు ఉన్నాడు. పర్యావరణ శాస్త్రం చదివి, తీరం వెంట ఊళ్లలో నీళ్ల నమూనాలు తీసే పనిలో ఉన్నవాడు. ఇద్దరూ కల్పితులే గానీ, వాళ్లు చెప్పే సంవత్సరాలు, అంకెలు కల్పితాలు కావు. నా మొగ్గు పెద్దమ్మ వైపే. అయినా అబ్బాయి వాదనకు బలమున్న చోట దాన్ని పలచబరిచి రాస్తే ఆమె గెలిచినా ఆ గెలుపుకు విలువుండదు.

అబ్బాయి: నీళ్లతో మొదలుపెడతా పెద్దమ్మా. మన తీరంలో ఇసుక దిబ్బల మధ్య దొరువులు ఉండేవి. సముద్రానికి కూతవేటు దూరంలో, పెద్దగా లోతు తవ్వకుండానే తియ్యటి నీళ్లు ఊరేవి. వాన నీళ్లు ఇసుకలోకి దిగి, బరువైన ఉప్పునీటి మీద పలచటి పొరగా తేలుతూ ఉంటాయి. ఆ పొరను నిదానంగా ముంచుకోవాలి, తొందరపడి తోడితే అడుగునుంచి ఉప్పు పైకొస్తుంది. ఏ కాలేజీ మెట్లూ ఎక్కని రైతుకు ఈ సంగతి తెలుసు. కుండలతో ముంచి నారుమళ్లకూ కూరతోటలకూ పోసుకునేవాడు. 1990ల మొదట్లో రొయ్యల గుంటలు వచ్చాయి. ఉప్పునీళ్లు తెచ్చి మెట్ట మీద నిలబెట్టారు. పక్క చేను చౌడుబారింది, దొరువు ఉప్పయింది. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోతే గుంటలు వదిలేసి పోయారు గానీ ఉప్పు పోలేదు. 2009లో వనామీ అనే కొత్త రకం రొయ్యకు అనుమతి ఇచ్చాక మళ్లీ అదే కథ. కృష్ణపట్నంలో 2008లో పోర్టు మొదలైంది, దాని వెంట బొగ్గు, థర్మల్ కేంద్రాలు, బూడిద. తమిళనాడు మరబోట్లు వచ్చి మనవాళ్ల వలలు కోసుకుపోతుంటే గొడవలు. సముద్రం ఒడ్డున పుట్టినవాడు తాగే నీళ్లు క్యాన్లలో కొనుక్కుంటున్నాడు. నువ్వు మంచి కాలమంటున్నది దీన్నేనా?

పెద్దమ్మ: నువ్వు చెప్పిన వాటిల్లో ఒక్కటీ కాదనను నాయనా. నేను మొదలుపెట్టే చోటు మాత్రం వేరు. ఒక కాలాన్ని తూచాలంటే అప్పటివాళ్లు ఏం తిన్నారు, ఏం తాగారు అని అడిగే ముందు, ఎంతమంది బతికారు అని అడగాలి. పాతకాలం గురించి మనకు చెప్పినవాళ్లంతా దాన్ని దాటుకొని వచ్చినవాళ్లే. దాటలేనివాళ్ల సాక్ష్యం మన చెవిన పడదు. మనవాళ్ల జ్ఞాపకాల్లో పాతకాలం అంత అందంగా ఉండటానికి ఇదొక కారణం. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ దేశంలో పుట్టిన బిడ్డ సగటున 32 ఏళ్లు బతికేది, ఇప్పుడు 70. 1971లో కూడా వెయ్యిమంది పిల్లలు పుడితే 129 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. 2020 లెక్కల్లో అది దేశానికి 28, మన రాష్ట్రానికి 24. ఆ తియ్యటి దొరువు పక్కనే కలరా ఉండేది, మశూచి ఉండేది. మశూచి చివరి కేసు ఈ దేశంలో 1975లో కనబడింది. ఊరంతా అమ్మవారికి పొంగళ్లు పెట్టి మొక్కుకున్న ఆ రోగాన్ని ఇవాళ్టి పిల్లలు పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిందే.

నువ్వు సముద్రం సంగతి ఎత్తావు గాబట్టి సముద్రాన్నే లెక్క చూద్దాం. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెన పదివేల మందిని మింగింది, ఇంకా ఎక్కువని చెప్పే లెక్కలూ ఉన్నాయి. 1979 మేలో నెల్లూరుకూ ఒంగోలుకూ మధ్య తీరం దాటిన తుఫాను వందలమందిని తీసుకుపోయింది. 1984 నవంబరులో శ్రీహరికోట, దుగరాజపట్నం దగ్గర తీరం దాటినదానికి మన రాష్ట్రంలో 600 పైచిలుకు పోయారు. 1989లో కావలి దగ్గర దాటిన తుఫాను గాలివేగంలో అంతకు తీసిపోయేది కాదు, పోయినవాళ్లు 70 లోపు. 1990 మేలో కృష్ణా ముఖద్వారం మీదకు ఇంచుమించు దివిసీమ తుఫానంత బలమైనది వచ్చింది. లక్షలమందిని ముందే తరలించారు, అయినా 967 మంది పోయారు. ఇది చిన్న సంఖ్యేమీ కాదు, కానీ పదమూడేళ్లలో పదివేల నుంచి వెయ్యి లోపుకు దిగింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను నెల్లూరు, తిరుపతి జిల్లాలను వానలో ముంచి బాపట్ల దగ్గర తీరం దాటితే ఆంధ్రలో చావులు వేళ్లమీద లెక్కపెట్టేంత. ఒరిస్సాలో 1999లో దాదాపు పదివేలమంది, 2013 ఫైలిన్‌లో యాభై లోపు. బంగ్లాదేశ్‌గా మారకముందు 1970లో ఆ తీరంలో మూడు లక్షలకు పైగా పోయారు, ఇప్పుడు అంతటి తుఫానులకు పదుల్లో పోతున్నారు. ఒక్క ఊళ్లో, ఒక్క ఏడు జరిగితే అదృష్టం అనుకోవచ్చు. బంగాళాఖాతం చుట్టూ ఇంతమందికి, ఇన్నేళ్లు వరసగా జరుగుతుంటే దాన్ని అదృష్టం అని ఎట్టా అంటావు?

అబ్బాయి: హెచ్చరికలు మెరుగుపడ్డాయని ఒప్పుకుంటా. కానీ రెండు సంగతులు నువ్వు దాటేశావు. బంగాళాఖాతం వేడెక్కుతోంది. తుఫాను ఒక్క రాత్రిలో బలం పుంజుకోవడం పెరుగుతోంది. ఆ వేడి ఎక్కణ్నుంచి వచ్చింది? నువ్వు మెచ్చుకునే ఈ బతుకు నుంచే, ఆ కృష్ణపట్నం బొగ్గు నుంచే. జబ్బు తెచ్చినవాడే మందు అమ్మితే దాన్ని మేలంటామా? రెండోది, 2004 డిసెంబరు 26. సునామీ వచ్చిన రోజు ఏ ఉపగ్రహమూ మనల్ని కాపాడలేదు. అలలు ఒడ్డు దాటి వచ్చినచోట చాలా మేర ఆ నీటిని ఇముడ్చుకున్నది బకింగ్‌హామ్ కాలువ. ఆ మరుసటి ఏడు ఒక శాస్త్ర పత్రికలో దీని మీద వ్యాసం కూడా వచ్చింది. కాకినాడ కాలువల నుంచి చెన్నపట్నం దాకా బియ్యం, ఉప్పు, కట్టెలు పడవల్లో మోసిన కాలువది. చుక్క డీజిల్ కాల్చలేదు. దాన్ని పూడ్చుకుంటూ, ఆక్రమించుకుంటూ, గుంటల మురుగు వదులుతూ వచ్చింది మన కాలమే. పాతకాలం కట్టినదే చివరికి మనల్ని కాచింది పెద్దమ్మా.

పెద్దమ్మ: మంచి సాక్షిని తెచ్చావు. కానీ ఆ సాక్షిని పూర్తిగా మాట్లాడనివ్వాలి గదా. ఆ కాలువ పనుల్లో కొంత భాగం సాగింది 1876-78 కరువు కాలంలో. వానలు ఎగ్గొట్టాయి, గింజ లేదు, మద్రాసు రాజధాని అంతటా లక్షలకు లక్షలు చచ్చిపోయారు. కరువు పనుల కింద జనాన్ని మట్టి తవ్వడానికి పెట్టారు. రోజంతా తవ్విన మగవాడికి ఒక పౌను బియ్యం, పైన కాస్త చిల్లర చాలని రిచర్డ్ టెంపుల్ అనే దొర తీర్మానించాడు. ఆ కూలితో ఒళ్లు నిలవదని అదే ప్రభుత్వంలోని వైద్యాధికారి కార్నిష్ మొత్తుకున్నా వెంటనే విన్నవాడు లేడు. ఒకవైపు మనుషులు రాలిపోతుంటే ఇంకోవైపు రేవుల నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. 1878లో కాలువకు గవర్నరు పేరు పెట్టారు, తవ్వినవాళ్ల పేర్లు మనకు దొరకవు. ఆ కాలువ 2004లో మనల్ని కాచిన మాట నిజమే. దాన్ని పాతకాలపు దయ అని మాత్రం అనొద్దు. ఇవాళ ఈ జిల్లాలో వానలు ఎగ్గొడితే రైతు నష్టపోతాడు, అప్పులపాలవుతాడు, ఒక్కోసారి ప్రాణమూ తీసుకుంటాడు. అది ఘోరమే. కానీ గింజ లేక ఊళ్లకు ఊళ్లు దారిపక్కన పడిపోవడం ఆగింది. సోమశిల, కండలేరు జలాశయాల నీళ్లున్నాయి. 1983లో రెండు రూపాయల బియ్యంతో మొదలై ఇప్పటికీ సాగుతున్న రేషనుంది. అన్నిటికంటే, జనం చస్తుంటే మాట్లాడే పత్రికా, ఓటూ ఉన్నాయి.

సునామీ రోజు హెచ్చరిక లేదన్నావు, నిజమే. మన రాష్ట్రంలోనే నూరుమందికి పైగా పోయారు, తమిళనాడులో వేలల్లో. అప్పటికి హిందూ మహాసముద్రానికి అట్టాంటి ఏర్పాటే లేదు. మూడేళ్లు తిరక్కముందే, 2007 అక్టోబరులో, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. పాతకాలంలో ఉప్పెన వచ్చి పోయాక ఊరు ఏం చేసేది? ఏడ్చేది, మొక్కుకునేది, మళ్లీ అదేచోట గుడిసె వేసుకునేది. మళ్లీ వస్తే ఎట్టా అని ఆలోచించి, ఆ ఆలోచనను యంత్రంగా, చట్టంగా, జీతం తీసుకొని రాత్రిపూట మేలుకొనే మనిషిగా మార్చడం ఆధునికత చేసిన పని. నా నమ్మకానికి మూలం ఇదే. సముద్రం శాంతించిందని నేను అనడంలేదు. చావును చూసే తీరు మారిందంటున్నాను. ఒకప్పుడు తలరాత అనుకున్నదాన్ని ఇప్పుడు ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సిన తప్పుగా లెక్కేస్తున్నాం.

అబ్బాయి: జవాబు ఎవరు చెబుతున్నారు? 2021 నవంబరు 19న పెన్నకు ఉపనది అయిన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. కడప జిల్లా రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయి పదుల్లో చనిపోయారు. అదే వరదకు నెల్లూరు దగ్గర పడుగుపాడులో రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయింది. ఒక గేటు పనిచేయని సంగతి ముందే తెలుసని తర్వాత బయటపడింది. రాడారుంది, ఉపగ్రహముంది, సెల్‌ఫోనుంది. అవేవీ ఆ గేటును ఎత్తలేదు.

పెద్దమ్మ: ఎత్తలేదు. ఆ చావులకు సమర్థన లేదు, నేను వెతకను కూడా. కానీ నీ కోపాన్ని ఒక్కసారి గమనించు. గేటు పనిచేయలేదు గాబట్టి జనం పోయారు అంటున్నావు, వాన దేవుడు కోపగించాడు అనడంలేదు. ఎక్కడ తెగిందో, ఎవరు సరిచేయాల్సిందో నీకు తెలుసు. 1927 నవంబరులో నెల్లూరు మీద పడ్డ తుఫాను గురించి ఆనాటివాళ్లకు అట్టా వేలెత్తి చూపించడానికి ఏముంది? హెచ్చరిక అనేది గొలుసులాంటిది, ఒక లంకె తెగితే మిగతావి ఎంత గట్టివైనా లాభం లేదు. 1983లో ఇన్‌శాట్-1బి ఉపగ్రహం ఎగిరింది. ఆ దశకం మధ్యలోనే ఉపగ్రహం ద్వారా హెచ్చరిక వినిపించే పెట్టెలను దేశంలో మొదటగా ఉత్తర తమిళనాడు, దక్షిణాంధ్ర తీరాల్లో పెట్టారు. మన తీరమే ముందు. ఆ తర్వాత డాప్లర్ రాడార్లు, తుఫాను షెల్టర్లు, వాటికి రోడ్లు, తలుపు తట్టి జనాన్ని లేపే గ్రామ సిబ్బంది. ఇందులో ఒక్కటీ దానంతటది రాలేదు. ఒక్కో లంకె వెనక ఒక్కో దుర్ఘటన ఉంది. చెయ్యేరు కూడా అట్టా ఒక లంకెగా మారాలి. మారకపోతే అది మన తప్పవుతుంది.

ఇక్కడ నేను కలగజేసుకోవాలి. సముద్రం వేడెక్కడం గురించి అబ్బాయి అడిగినదానికి పెద్దమ్మ సూటిగా బదులివ్వలేదు. ఇవ్వగలిగిన బదులు సగమే ఉంది. హెచ్చరికలు ఇప్పటిదాకా తుఫాను బలం కంటే వేగంగా మెరుగుపడుతూ వచ్చాయి గాబట్టి చావులు తగ్గాయి. ఒక్క రాత్రిలో బలం పుంజుకునే తుఫానుకు జనాన్ని తరలించే వ్యవధి తగ్గిపోతుంది, అప్పుడు ఈ పందెం ఎటు పోతుందో ఇవాళే తేల్చి చెప్పడం నిజాయితీ కాదు. నేను చెప్పగలిగింది ఒక్కటే. వేడి ఎందుకు పెరుగుతోందో తెలుసు, దేన్ని తగ్గించాలో తెలుసు, బొగ్గు లేకుండా కరెంటు పుట్టించడం రానురానూ చౌకవుతోంది. 1876లో వానలు ఎందుకు ఎగ్గొట్టాయో తెలిసినవాడు భూమి మీద లేడు. ఈ తేడా చిన్నదని నాకు అనిపించదు.

అబ్బాయి: సరే, ప్రాణాల సంగతి పక్కనపెడదాం. కలిసి బతకడం సంగతి? పులికాట్ సరస్సులో పాడు అని ఒక పద్ధతి ఉంది. ఏ చోట ఎవరు ఏ రోజు వల వేయాలో పట్టపు కులపు జాలర్లు తమలో తామే వంతులు వేసుకుంటారు. బలమున్నవాడు మంచి చోటును శాశ్వతంగా పట్టుకోలేడు. మన తీరం ఊళ్లలో కులపెద్దలైన పెద్దకాపులు కూర్చుని దురాయి, అంటే కట్టుబాటు, పెడితే ఎంతటివాడైనా లోబడాల్సిందే. ఒడ్డు నుంచి లాగే అలివి వల వేస్తే ఒడ్డున సాయం పట్టినవాళ్లకూ పాలు దక్కేది. ఇవాళ పెట్టుబడి ఉన్నవాడిదే సముద్రం. నువ్వు మెచ్చుకునే ఉపగ్రహాలు ఎగిరే శ్రీహరికోట ఎవరి చోటు? అడవిలో గడ్డలు తవ్వుకుని, చేపలు పట్టుకుని బతికిన యానాదులది. వాళ్లను కదిలించాకే 1971లో మొదటి రాకెట్టు లేచింది.

పెద్దమ్మ: శ్రీహరికోట విషయంలో నీకు తలవంచుతాను. ఆ ద్వీపం నుంచి ఎగిరే వాతావరణ ఉపగ్రహాల వల్ల తీరమంతా బతుకుతోంది. ఆ మేలుకు ముందుగా మూల్యం చెల్లించినవాళ్లకు తిరిగి దక్కింది చాలా తక్కువ. ఆ బాకీ తీరలేదు. కానీ యానాదుల్ని సాక్షిగా పిలిచావు గాబట్టి వాళ్లనే ఇంకొంచెం అడుగు, నువ్వు పొగిడే ఆ పాత ఊళ్లో వాళ్ల స్థానం ఏమిటని. తెల్లదొరల కాలంలో వాళ్లను నేరస్థ జాతుల చట్టం కిందకు తెచ్చి, కావలి ప్రాంతంలో కప్పరాళ్లతిప్ప సెటిల్‌మెంటులో పెట్టారు. పుట్టుకే నేరం, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. వాళ్ల కోసం జీవితమంతా తిరిగిన వెన్నెలకంటి రాఘవయ్య మన జిల్లా మనిషి. వెట్టిని నిషేధించిన చట్టం 1976లో వచ్చింది. ఇప్పటికీ చేపల చెరువుల దగ్గరా, బట్టీల్లోనూ యానాది కుటుంబాలను వెట్టి నుంచి విడిపించాల్సి వస్తోంది, నాకు తెలుసు. అయితే విడిపించడానికి ఇప్పుడొక చట్టముంది, ఆ పని చేయాల్సిన అధికారి ఉన్నాడు. పూర్వం వెట్టే ఊరి ధర్మం.

పాడు గొప్ప పద్ధతే, చేపను నిలబెట్టింది, తగాదాలు తగ్గించింది. కానీ ఆ వంతు ఎవరికి? ఆ కులంలో పుట్టిన మగవాడికి. ఆడదానికి లేదు, దళితుడికి లేదు, అదే నీళ్లలో చేత్తో రొయ్య పట్టుకునే యానాదికి లేదు. పాతకాలపు సమానత్వం చాలావరకు ఇట్టాంటిదే. గీత లోపల ఉన్నవాళ్ల మధ్య చక్కటి న్యాయం, గీత బయటివాళ్లకు ఏమీలేదు. నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల్ని రానివ్వాలని పొట్టి శ్రీరాములు 1946లో నిరాహారదీక్షకు కూర్చోవాల్సి వచ్చింది. ప్రాణం పణంగా పెడితే తప్ప తలుపు తెరుచుకోని ఊరది. ఆ ఊరి మీద నీకున్న బెంగ, ఆ తలుపు బయట నిలబడ్డవాళ్ల మనవళ్లకు ఉంటుందా? ఇక ఆడవాళ్ల సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 1981లో ఆడవాళ్లలో చదవను రాయను వచ్చినవాళ్లు నూటికి ఇరవైమంది. 1991లో ముప్పైమూడుకు లోపు, 2011కు యాభైతొమ్మిది. ఈ అంకెలు బడి రిజిస్టర్లలోనే ఆగిపోలేదు. 1991లో మన జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రిబడి పుస్తకంలో సారా మీద ఒక పాఠం ఉంది. అది చదువుకున్న ఆడవాళ్లు దూబగుంట అనే ఊళ్లో సారాకొట్టు మూయించారు. ఏడాది తిరిగేసరికి అది జిల్లా దాటింది, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం.

అబ్బాయి: 1997లో ఎత్తేశారు గదా పెద్దమ్మా. నా ఉద్దేశమే అది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల గుంటలు తీసేయమని తీర్పిచ్చింది. దాని అమలు ఆగిపోయింది, 2005లో వేరే చట్టం తెచ్చి గుంటలకు దారి చూపించారు. నువ్వు చెప్పే మెట్లు ఎక్కుతాం, డబ్బున్నవాడు వచ్చి కిందకు లాగేస్తాడు. ఇందులో ఆశ పెట్టుకోడానికి ఏముంది?

పెద్దమ్మ: వెనక్కి పోయినవేవో, పోనివేవో విడివిడిగా చూడు. మద్యం తిరిగొచ్చింది. చదువు తిరిగి పోలేదు. దూబగుంటలో అక్షరాలు దిద్దిన ఆడదాని కూతురు బడికి పోయింది, మనవరాలు కాలేజీకి పోతోంది. మశూచి తిరిగి రాలేదు. సెటిల్‌మెంటు తిరిగి రాలేదు. చేతిలోకి వచ్చిన తెలివిని ఊడబెరకడం ప్రభుత్వం మార్చినంత తేలిక కాదు. అట్టాగని అన్నీ వాటంతటవే బాగుపడతాయని నేను చెప్పడంలేదు. అట్టా నమ్మేవాళ్లు గుంటల యజమానులకే పనికొస్తారు. బాగుపడ్డవాటిని చూసి, అవి ఎట్టా బాగుపడ్డాయో నేర్చుకోమంటున్నాను. తుఫాను చావులు తగ్గింది ముందు వాటిని లెక్కపెట్టడం వల్ల, ఆ లెక్కను నలుగురికీ తెలియజేయడం వల్ల, తర్వాత జవాబు అడగడం వల్ల. నీ దొరువు విషయంలో మొదటిది నువ్వే చేస్తున్నావు. ఏ ఊళ్లో ఉప్పు ఎంతకు చేరిందో నీ సీసాల్లో ఉంది. పూర్వం దొరువు చెడితే ఇంకో దిబ్బ చూసుకునేవాళ్లు. అది ఏ గుంట వల్ల చెడిందో రుజువు చేసే పద్ధతి వాళ్లకు లేదు, నీకుంది. గుంటకూ తాగునీటి వనరుకూ మధ్య ఎంత దూరం ఉండాలో నిబంధనల్లో ఉంది. వాడిన నీటిని శుద్ధి చేయకుండా కాలువలోకి వదలకూడదనీ ఉంది. మిగిలింది అడగడమే.

అబ్బాయి: ప్రాణాల లెక్కలో నీకు ఎదురు చెప్పలేను, ఒప్పుకుంటా. గింజ లెక్కలోనూ సరే. నీళ్ల లెక్కలో మాత్రం ఒప్పుకోను, పోయిన ఏడు తీసిన నమూనాకంటే ఈ ఏడు నమూనా ఉప్పగా ఉన్నంతకాలం ఒప్పుకోను. నా లెక్క పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయిస్తే తెల్లారేసరికి సున్నం కొట్టించేవాళ్లు ఊరికి ఇద్దరుంటారు.

పెద్దమ్మ: ఒప్పుకోవద్దు. నువ్వు ఒప్పుకుంటే ఆ నమూనాలు తీసేవాడు ఉండడు. సున్నం కొడితే మళ్లీ రాయించు, ఈసారి నీళ్లు మోసే ఆడవాళ్లను పక్కన పెట్టుకుని రాయించు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలకు కంట్రాక్టర్లు డబ్బు సంచులతో వచ్చారు, వాళ్ల వెనక పోలీసులున్నారు. ఆడవాళ్లు దారికి అడ్డం నిలబడితే ఆ పాటల్ని ఒకటికి నాలుగుసార్లు వాయిదా వేసుకోవాల్సి వచ్చింది.